నాలుగు గళ్ళు

ఇంటి అప్పు కోసం బ్యాంకువాళ్ళిచ్చే దరఖాస్తు పదహారు పేజీలుంటుంది. మనిషి పుట్టిన దగ్గర్నుంచి అన్నీ అడుగుతారు, ఒక్క కడుపునొప్పి సంగతి తప్ప. అత్తాకోడళ్ళిద్దరే ఉన్న ఇంట్లో కోడలు ఆ పదహారు పేజీలూ ఒక్క మధ్యాహ్నంలో నింపేసింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పదిహేనేళ్ళుగా అద్దాలు కొలిచి, అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగిస్తున్న చెయ్యి ఆవిడది. చిన్న చిన్న గళ్ళలో అక్షరాలు ఇమడ్చడం ఆ చేతికి ఒక లెక్క కాదు. రెండో పేజీలో ఒక్క వరుస దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. "వైవాహిక స్థితి" అని అచ్చువేసి, ఎదురుగా నాలుగు గళ్ళు గీశారు. పెళ్ళి కాలేదు. పెళ్ళయింది. విడాకులయ్యాయి. భర్త లేక భార్య మరణించారు. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఆవిడ దేంట్లోనూ పెట్టలేదు.

"ఇదొక్కటి మర్చిపోయారమ్మా," అన్నాడు లోను ఆఫీసరు కాగితం తిప్పి చూపిస్తూ.

"మర్చిపోలేదండీ. ఎక్కడ పెట్టాలో తెలీలేదు."

తనకి పెళ్ళయిందో లేదో తెలియని మనిషిని ఆఫీసరు తన ఉద్యోగంలో అంతవరకూ చూడలేదు. కలం కింద పెట్టి ఆవిడ వంక చూశాడు.

"పెళ్ళయిందండీ. ఆయన ఎనిమిదేళ్ళ కిందట ఊరెళ్ళారు. మళ్ళీ రాలేదు."

"అంటే... పోయారా?"

"తెలీదండీ."

"పోనీ, విడాకులు?"

"ఎవర్ని అడిగి తీసుకోమంటారు?"

ఆఫీసరు దరఖాస్తు మూసి, ఆవిణ్ణి బ్యాంకు తరఫు లాయరు దగ్గరికి పంపించాడు. తనకి తేలని ప్రతి విషయాన్నీ అతను అక్కడికే పంపిస్తాడు.

కోడలి భర్త తూకం యంత్రాలు బాగుచేసేవాడు. కొట్లూ గోదాములూ తిరిగి ముల్లు సరిచేసి, సీలు వేసి వచ్చేవాడు. ఒక మంగళవారం పొద్దున చిన్న సంచీలో బట్టలు సర్దుకుని, "శనివారానికల్లా వచ్చేస్తా" అని వెళ్ళాడు. శనివారం వచ్చింది, వెళ్ళింది, అలాంటివి నాలుగొందల పైచిలుకు వెళ్ళాయి. అత్తాకోడళ్ళిద్దరూ పోలీసు స్టేషన్లూ ఆసుపత్రులూ చెప్పులరిగేలా తిరిగారు. తెల్లగుడ్డ కప్పిన ముఖాలు మూడు చూసి, మూడూ ఆయనవి కాదని ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. ఆయన కానందుకు సంతోషపడాలో, ఇంకా వెతకాల్సివచ్చినందుకు బాధపడాలో ఇద్దరికీ తెలియలేదు.

ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో మిగిలిపోయారు. మిగిలిపోదామని ఎవరూ అనుకోలేదు, విడిపోదామనీ అనలేదు. కోడలికి తల్లీ తండ్రీ లేరు, తోబుట్టువులూ లేరు. అత్తగారికి ఉన్నది ఆ ఒక్క కొడుకే. ఆవిడ ఒక టైలరు దగ్గర్నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇచ్చేది. కోడలు పొద్దున దుకాణానికి వెళ్ళి సాయంత్రం వచ్చేది. ఎనిమిదేళ్ళలో ఐదిళ్ళు మారారు. ఇల్లు అద్దెకి అడిగిన ప్రతిచోటా ముందు వచ్చే ప్రశ్న ఒకటే, ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అని. "మా అబ్బాయి ఊరెళ్ళాడండీ, రేపో మాపో వచ్చేస్తాడు," అనేది అత్తగారు, కొడుకు అప్పుడే రైలెక్కినట్టు. మొదట్లో అది ఇల్లు దొరకడానికి ఆడిన అబద్ధం. రానురాను ఆవిడ నోటికి అలవాటైపోయింది.

ఇప్పుడుంటున్న ఇల్లు పడగొట్టి పెద్దది కట్టుకుంటామని ఆ ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ఇంక మారడం నావల్ల కాదనుకుంది కోడలు. వెతగ్గా వెతగ్గా ఒక డ్రాయింగు మాస్టారి ఫ్లాటు కనిపించింది. రెండో అంతస్తు, రెండు గదులు, ఓ వంటగది. మాస్టారు ఆరు నెలల్లో రిటైరై తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. అత్తగారు ఆ ఇంటికి వెళ్ళి, ముందు గదిలో తూర్పు కిటికీ కింద కూర్చుని, పర్సులోంచి సూదీ దారమూ తీసింది. కళ్ళజోడు పెట్టుకోలేదు. దారం ఒక్కసారికే ఎక్కింది. ఆవిడ తలెత్తి ఆ కిటికీ వంక చూసింది. కోడలు ఆ సాయంత్రమే బయానా ఇచ్చేసింది.

బ్యాంకు తరఫు లాయరుని అందరూ లాయరమ్మ అంటారు. ఇల్లు కొనుక్కునేవాళ్ళంతా అవే ప్రశ్నలు తిప్పితిప్పి అడిగి తన గొంతు పోగొడుతున్నారని ఆవిడ ఇరవై ప్రశ్నలూ జవాబులూ అచ్చువేయించి పెట్టుకుంది. వచ్చినవాళ్ళ చేతిలో ముందు ఆ కాగితం పెడుతుంది. ఇద్దరి పేర్న కొంటే ఒకరు పోయాక ఏమవుతుంది? అప్పు తీరకముందే అమ్ముకోవచ్చా? అసలు దస్తావేజు బ్యాంకువాళ్ళు ఎందుకు ఉంచుకుంటారు? అమ్మినవాడి అన్నదమ్ములు రేపొచ్చి వాటా అడిగితే? కోడలు ఇరవై ప్రశ్నలూ ఓపిగ్గా చదివి కాగితం తిరిగి ఇచ్చేసింది.

"నాది ఇందులో లేదండీ."

విన్నాక లాయరమ్మ కూడా లేదనే ఒప్పుకుంది. "చూడమ్మా, ఇది పెళ్ళయ్యాక కొంటున్న ఇల్లు. రేపు మీ ఆయన తిరిగొచ్చి ఇందులో నాకూ హక్కుందంటే బ్యాంకు ఇరుక్కుపోతుంది. అందుకని ఆయన సంతకం కావాలంటారు. అది లేకపోతే విడాకుల కాగితం. అదీ లేకపోతే ఆయన లేరన్న కాగితం."

"లేరన్న కాగితం ఎవరిస్తారండీ?"

"కోర్టు ఇస్తుంది. ఒక మనిషి కబురు సహజంగా తెలియాల్సినవాళ్ళకి ఏడేళ్ళపాటు తెలియకపోతే, ఆ మనిషి పోయినట్టే లెక్క. మీ దగ్గర పోలీసు ఫిర్యాదు ఉందన్నారుగా, అది చాలావరకు పని చేస్తుంది. విడాకులంటే ఆయనకి నోటీసు ఎక్కడికని పంపిస్తాం?"

"తెలియాల్సినవాళ్ళంటే?"

"మీరు. ఆయనకి తల్లి ఉందా?"

"ఉందండీ. నాతోనే ఉంటుంది."

లాయరమ్మ రాయడం ఆపింది. "అయితే ఆవిడ మాటే ముఖ్యం. పెళ్ళానికి కబురు పెట్టనివాడు కూడా తల్లికి పెడతాడు. జడ్జి గారు ముందు ఆవిణ్ణే అడుగుతారు."

ఆ సాయంత్రం కోడలు అత్తగారి ఎదురుగా కూర్చుంది. అడగాల్సిన మాట అడగడానికి రెండు కాజాలు పూర్తయ్యేంతసేపు పట్టింది. విన్నాక అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది.

"వాడు చచ్చిపోయాడని నేను చెప్పాలా?"

"అలా కాదత్తయ్యా. ఏ కబురూ లేదని చెప్పాలి. ఉన్నమాటే కదా."

అత్తగారు జవాబివ్వలేదు. ఆ రోజే కాదు, నాలుగు రోజులు ఇవ్వలేదు. ఐదో రోజు టైలరు చేతిలో ఐదు చొక్కాలు పట్టుకుని ఒంటికాలి మీద లేచి వచ్చాడు. మగవాళ్ళ చొక్కాలకి కాజాలు ఎడంపక్క ఉండాలి. ఆవిడ ఐదింటికీ కుడిపక్క కుట్టి పంపింది. "ముప్పైయేళ్ళనుంచి కుడుతున్నారు, ఇప్పుడు నేర్చుకుంటున్నారా పెద్దమ్మా?" అని టైలరు నోరు పారేసుకుని పోయాడు. అతను మెట్లు దిగాక అత్తగారు చొక్కాలు ఒళ్ళో వేసుకుని, "సరే అమ్మాయ్. నేనే చెప్తాను," అంది.

కొడుకు లేడని చెప్పడానికి తల్లికి ఐదు రోజులు పట్టిందనుకుంది కోడలు. పట్టదా మరి అనుకుంది. అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

కోర్టువాళ్ళు ముందు పేపర్లో ప్రకటన వెయ్యమన్నారు. ఈ మనిషి బతికున్నట్టు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే, లేదా ఆ మనిషే ఉంటే, ముప్పై రోజుల్లోగా వచ్చి చెప్పుకోవచ్చని అందులో ఉంటుంది.

"ఆ పేపరు ఎక్కడెక్కడికి వెళ్తుంది?" అని అడిగింది అత్తగారు.

"అన్ని ఊళ్ళకీ వెళ్తుందట."

"వాడు చూస్తే?"

"చూస్తే వస్తారు కదా అత్తయ్యా. అంతకంటే మనకేం కావాలి?"

ఆ ముప్పై రోజులూ మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా ఇద్దరి తలలూ ఒక్కసారే లేచేవి. పాలవాడు, కరెంటు బిల్లువాడు, ఎదురింటివాళ్ళ చుట్టాలు. ఎనిమిదేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన మనిషి రావాలనీ అనుకుంది కోడలు, వస్తే ఇల్లు చేజారుతుందేమో, రాకపోతే బాగుండుననీ అనుకుంది. రెండోది అనుకున్నందుకు తనని తాను చెంప పగలగొట్టుకోవాలనిపించింది. ముప్పైయో రోజు కూడా ఎవరూ రాలేదు.

కోర్టు హాల్లో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది, అదీ జడ్జి నెత్తిమీద. అత్తగారు బోనులో నిలబడి ముందున్న అడ్డకర్రని రెండు చేతులా పట్టుకుంది. జడ్జి ముసలాయన, మాట మెత్తన.

"ఎనిమిదేళ్ళలో మీ అబ్బాయి దగ్గర్నుంచి ఉత్తరంగానీ ఫోనుగానీ మనిషిద్వారా కబురుగానీ ఏమైనా వచ్చిందా అమ్మా?"

"లేదండీ."

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఒక్కసారైనా?"

"లేదండీ," అంది అత్తగారు, ఈసారి కొంచెం గట్టిగా.

రెండు వారాలకి తీర్పు కాగితం వచ్చింది. ఆయన చనిపోయినట్టు భావించవలెనని అందులో ఉంది. కోడలు దాన్ని దుకాణం వెనక గదిలో, అద్దాలు అరగదీసే యంత్రం పక్కన నిలబడి చదివింది. యంత్రం ఆన్ చేసి, ఆ చప్పుడు మాటున గొంతు పగిలేలా ఏడ్చింది. అది కబురు తెలియక ఏడ్చే ఏడుపు కాదు, మనిషి పోయినందుకు ఏడ్చే ఏడుపు. అన్నేళ్ళుగా ఆవిడకి అది కూడా దక్కలేదు. వారం పది రోజులు అలా ఏడ్చాక, ఒకరోజు పొద్దున లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఆయన బట్టలు మూట కట్టి ఎవరికో ఇచ్చేసింది. ఆయన ఫోటో ఒకటి, కార్డు మీద అతికించే చిన్నది, పర్సులో ఉండేది. దాన్ని ఫోటో స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయించింది.

రిజిస్ట్రేషను బుధవారం. దానికి ముందు ఆదివారం పొద్దున ఇద్దరూ అట్టపెట్టెల మధ్య కూర్చుని గిన్నెలకి పాత పేపర్లు చుడుతున్నారు. కోడలు లేచి వెళ్ళి, ఫ్రేము కట్టించిన ఫోటో తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"ఇది కొత్తింట్లో మీ కిటికీకి ఎదురుగా పెడదాం. కుట్టుకుంటూ తలెత్తితే కనిపిస్తారు."

అత్తగారు ఫోటోని చూసి, దాన్ని నేలమీద బోర్లా పెట్టేసింది. "తియ్యి. ఇది గోడకి పెట్టకు."

"ఏం అత్తయ్యా?"

"బతికున్నవాణ్ణి అలా గోడకెక్కిస్తారటే?"

తల్లి మనసు కదా, ఇంకా ఒప్పుకోలేకపోతోందనుకుంది కోడలు. పక్కన చేరి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "కోర్టే చెప్పింది. మనమూ ఇంక మనసు రాయి చేసుకోవాలి."

"కోర్టుకి చెప్పింది నేనేగా."

అత్తగారు తన గుండీల ఫోను తీసి, ఏవో నొక్కి, కోడలి చేతిలో పెట్టింది. తెర మీద ఒక నంబరు, దాని పైన "దారాల కొట్టు" అన్న పేరు ఉన్నాయి. దారాల కొట్టువాడితో ఆవిడ ఫోనులో ఎప్పుడూ మాట్లాడలేదని కోడలికి అప్పుడు తట్టింది.

"మూడేళ్ళయింది. ఒకరోజు మధ్యాహ్నం చేశాడు. ఎక్కడో ఎవరో ఆవిడతో ఉంటున్నాడట. ఆడపిల్ల కూడా ఉందట. నీకు చెప్పొద్దన్నాడు." అత్తగారు నేలని చూస్తూ మాట్లాడుతోంది. "చెప్పలేదు."

కోడలు ఫోనుని ఫోటో పక్కన పెట్టేసింది.

"పేపర్లో పడ్డరోజు నేనే చేశాను. 'ఒరేయ్, నువ్వు చచ్చావని నాచేత చెప్పిస్తున్నార్రా, ఒక్కసారి వచ్చి ఆ సంతకమేదో పెట్టి పోరా, ఆ పిల్లకి విడాకులిచ్చి పోరా' అని కాళ్ళావేళ్ళా పడ్డాను. 'ఇప్పుడు ఆ గొడవంతా ఎందుకమ్మా? కోర్టు ఎలా రాసుకుంటే అలాగే కానివ్వు' అన్నాడు. నేనింకేం చెయ్యను? నీకు ఇల్లు రావాలి. అలాగే కానిచ్చాను."

ఇల్లు, సంతకం, అబద్ధం, ఆయన పెట్టిన కొత్త సంసారం, ఇవేవీ ఆ క్షణంలో కోడలికి తగల్లేదు. ఒక్క లెక్క తగిలింది. మూడేళ్ళు. లెన్సుల కంపెనీ తరఫున గురువారం గురువారం దుకాణానికి వచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడు, భార్య పోయింది. రెండున్నరేళ్ళ కిందట, పెట్టె మూసి లేవబోతూ, మనిద్దరం పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. కోడలికి ఆ మనిషంటే ఇష్టం. గురువారాలు కొంచెం మంచి బట్టలు కట్టుకునేది కూడా. ఇంటికొచ్చి అత్తగారికి దాచకుండా చెప్పింది. "మీ అబ్బాయి వస్తే ఏం చెప్పుకోను అత్తయ్యా?" అంది. "నీ ఇష్టం అమ్మాయ్," అంది అత్తగారు, కుట్టుమీదనుంచి తలెత్తకుండా. మర్నాడే కోడలు ఆయనకి కుదరదని చెప్పేసింది. ఆయన ఏడాది ఆగి ఇంకెవర్నో చేసుకున్నాడు. ఆ వచ్చినావిడకి కళ్ళజోడు కావాలంటే దుకాణానికి తీసుకొచ్చాడు. రెండు కనుపాపల మధ్య దూరం కొలిచి, అద్దాలు అరగదీసి బిగించి ఇచ్చింది కోడలే.

"ఆ రోజు మీకు తెలుసా?" అని అడిగింది.

ఏ రోజని అత్తగారు అడగలేదు. "తెలుసు."

"తెలిసే 'నీ ఇష్టం' అన్నారా?"

"నువ్వెళ్ళిపోతే నేనేమైపోవాలే? కన్నకొడుకే వదిలేసిన ముసల్దాన్ని వాడి పెళ్ళాం ఎందుకు ఉంచుకుంటుంది? భయమేసింది."

"నేను మిమ్మల్ని వదిలేసేదాన్నా?"

అడిగాక ఆ ప్రశ్నకి జవాబు తనకీ తెలియదని కోడలికి అర్థమైంది. ఉంచుకునేదేమో, వదిలేసేదేమో. అది తేల్చుకునే అవకాశం కూడా తనకివ్వకుండా లాగేసుకున్నారు. కోడలు ఫోటోని తీసి పాత పేపర్లలో చుట్టింది. తర్వాత దాన్ని ఏ పెట్టెలో పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

మంగళవారం లాయరమ్మ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పింది. లాయరమ్మ లేచి తలుపు వేసి వచ్చింది.

"మీకు తెలియక సంతకం పెడితే అది ఆవిడ అబద్ధం. తెలిసి పెడితే మీది కూడా. ఎవరికీ తెలియకపోవచ్చు, కాదనను. తెలిసిందో, ఇల్లు పోతుంది, ఇద్దరికీ కేసు పడుతుంది. ఏం చేస్తారు?"

"ఇల్లు వద్దండీ."

"ఆలోచించుకోండి. బయానా పోతుంది."

"ఆయన పోయాడని నేను ఒకసారి ఏడ్చేశానండీ. బతికున్నాడని తెలిసి కూడా పోయాడని సంతకం పెట్టి, ఆ ఇంట్లో రోజూ నిద్రలేవడం నావల్ల కాదు."

తీర్పు రద్దు చేయించాలంటే అత్తగారు మళ్ళీ ఆ బోనెక్కి తాను అబద్ధమాడానని చెప్పాలి. కోడలు ఆ మాట ఎలా అడగాలా అని చూస్తుంటే, ఆవిడే పొద్దున్నే తయారై తలుపు దగ్గర నిలబడింది. జడ్జి ఈసారి మెత్తగా మాట్లాడలేదు. కోర్టుని ఆటబొమ్మ అనుకున్నారా అని ఝాడించాడు. తనంతట తాను వచ్చి ఒప్పుకుంది కాబట్టి, వయసు చూసి, జరిమానాతో వదిలిపెట్టాడు. డ్రాయింగు మాస్టారు పదిహేను రోజులు ఆగి, ఇంక ఆగలేక ఇల్లు వేరేవాళ్ళకి అమ్మేశాడు. మంచివాడు కనక బయానాలో సగం తిరిగిచ్చాడు. తూర్పు కిటికీ వాళ్ళెవరికో పోయింది.

లాయరమ్మ "దారాల కొట్టు" నంబరుకి ఫోను చేసి చిరునామా రాబట్టాక విడాకుల నోటీసు పంపారు. ఎనిమిదేళ్ళు దొరకని సంతకం తొమ్మిది రోజుల్లో పోస్టులో వచ్చింది. దాంతోపాటు ఒక్క చీటీ ముక్క కూడా లేదు. కోడలు కవరు దులిపి మరీ చూసింది. అలా చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అత్తాకోడళ్ళు ఆరో అద్దె ఇంట్లో చేరారు. కోడలు ఆవిణ్ణి పొమ్మనలేదు. అలాగని మునుపటిలా మాట్లాడనూ లేదు. మందులు తెచ్చి బల్ల మీద పెట్టేది, భోజనానికి పిలిచేది, అంతే. దుకాణంలో ఎవరు ఏం చేశారో చెప్పుకుని నవ్వుకునే సాయంత్రాలు ఆగిపోయాయి. అత్తగారు కొడుక్కి మళ్ళీ ఫోను చెయ్యలేదు, ఆ నంబరు తీసేయలేదు కూడా. ఆవిడ చూపు బాగా తగ్గింది. కోడలు ఆవిడ కళ్ళు కొలిచి కొత్త అద్దాలు వేసింది. కొలుస్తున్నంతసేపూ ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలో ఉన్నా ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు.

ఏడాది గడిచాక ఒక చిన్న ఫ్లాటు కుదిరింది. ఒక్కటే గది, కింది అంతస్తు. ఈసారి దరఖాస్తులో ఒక్క వరుస కూడా ఖాళీ లేదు. అన్నీ సరిపోయాక సంతకాలకి ముందు లాయరమ్మ రమ్మంది. అత్తగారికి మెట్లు లేని చోటు కావాలి కదా, ఇల్లు చూపించి అటునుంచి అటే వద్దామని కోడలు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళింది.

"ఇంకొక్కటే మిగిలింది," అంది లాయరమ్మ. "మీకు పిల్లల్లేరు, తోబుట్టువుల్లేరు. మీకేమైనా అయితే ఈ ఇల్లు ఎవరికని వీలునామా రాసిపెట్టుకోవడం మంచిది. అప్పుకి బీమా ఉంది కాబట్టి అది తీరిపోతుంది, ఇల్లు మిగులుతుంది."

"అత్తయ్య పేరు రాయండి."

"విడాకులయ్యాక చట్టం దృష్టిలో ఆవిడకీ మీకూ ఏ సంబంధమూ లేదమ్మా."

"తెలుసండీ. రాయండి."

అత్తగారు ఆ ఏడాదంతా ఎదురుచూసిన మాట అదే అయ్యుండాలి. కానీ ఆవిడ ముఖం వెలగలేదు. ఒళ్ళో ఉన్న చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"వద్దు," అంది.

"ఏం అత్తయ్యా? నామీద కోపమా?"

"నీమీద నాకు కోపమేంటే?" అని ఆవిడ లాయరమ్మ వైపు తిరిగింది. "నాకొకటి చెప్పమ్మా. నా పేర్న వచ్చింది, నా తర్వాత ఎవరికెళ్తుంది?"

"మీ వారసులకండీ."

"నా వారసులెవరు?"

లాయరమ్మ కోడలి వంక చూసి, మళ్ళీ ఆవిడ వంక చూసింది. "మీ అబ్బాయి."

"అందుకే వద్దంటున్నా. నువ్వు మళ్ళీ ఇల్లు వెతుకుతున్నప్పట్నుంచీ రోజూ ఇదే ఆలోచిస్తున్నా. ఎవర్నడగాలో తెలీక ఊరుకున్నాను." అత్తగారు కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "నువ్వు ముందు పోతే, నేను వెనక పోతే, ఆ ఇల్లు వాడికి పోతుంది అమ్మాయ్. నా కొడుక్కి పోకూడదది. నా పేరు ఎక్కడా రాయకు."

ఉన్నంతకాలం అందులో ఉండే హక్కు మాత్రం ఆవిడకి రాయొచ్చనీ, అది ఆవిడతోనే ఆగిపోతుందనీ, ఆ తర్వాత ఇల్లు ఏ అనాథాశ్రమానికో వెళ్ళేలా రాసుకోవచ్చనీ లాయరమ్మ మెల్లగా చెప్పింది. అత్తగారు తల ఊపింది. అది రాసుకోమంది. రాస్తుండగానే ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. కోర్టులో వాడి కబురు లేదని రెండుసార్లు చెప్పినప్పుడు తడవని కళ్ళవి. ఇప్పుడు బతికున్న కొడుకు కోసం, కొత్త కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. కోడలు ఊరుకోమనలేదు. ఆ చెయ్యి వదలకుండా, రెండో చేత్తో లాయరమ్మ చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది.